గవ్వల ఎనిమిది

మా ఇంట్లో లెక్క తప్పిన పిల్లలకు అన్నం ఆఖరున పెట్టేవారు. మా అవ్వ ఈశ్వరమ్మ పెట్టిన రూలది.

పుంగనూరులో మాది మరమరాలు వేయించే బొరుగుల బట్టీ. దాని ముందు అంగడి, వెనక ఇల్లు. మధ్యాహ్నం బట్టీ చల్లారాక అవ్వ నడవలోని నల్లబండ మీద సుద్దముక్కతో నిలువుకు అయిదు, అడ్డానికి అయిదు గడులు గీసి అష్టాచెమ్మా పరిచేది. ఆటకు నాలుగు గవ్వలు. నోరు పైకి ఎన్ని పడితే అన్ని గడులు కాయ జరపాలి. నాలుగూ పైకి పడితే నాలుగు, దాన్ని చెమ్మ అంటాం. నాలుగూ బోర్లా పడితే, అంటే పైకి ఒక్కటి కూడా లేకపోతే, ఎనిమిది. అది అష్ట. ఇంతవరకూ అందరి ఇళ్ళలో ఆడే ఆటే.

మా ఇంటి పద్ధతి వేరు. వేలితో గడులు తాకుతూ లెక్కపెట్టకూడదు. పడిన పందేలన్నీ మనసులో కూడుకుని, కాయ ఎక్కడ దిగుతుందో ముందే నోటితో చెప్పాలి. ఎదుటివాళ్ళ కాయను చంపాలంటే ఎంత పడాలో గవ్వలు వేయకముందే చెప్పాలి. తప్పు చెబితే ఆట పోతుంది, నెత్తిన మొట్టికాయ పడుతుంది, ఆ పూట అందరూ తిని లేచాక మిగిలింది తినాలి. మా నాయన మునిరత్నం, చిన్నాయన చెంగల్రాయుడు ఇద్దరూ అలా మొట్టికాయలు తిని లెక్కలు నేర్చినవాళ్ళే. నేనూ అంతే. బడిలో చేరేనాటికే ఎనిమిదీ ఎనిమిదీ మూడూ ఎంతంటే పందొమ్మిదని నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

ఇప్పుడు నేను మదనపల్లెలో లెక్కల టీచర్ని. నీరజ మేడమ్ ఆటలతో భలే నేర్పుతుందని పేరు. ఎక్కడ నేర్చుకున్నారని పిల్లల తల్లిదండ్రులు అడిగితే ఇంట్లోనే అని చెబుతాను. ఇంట్లో ఇంకేం నేర్చుకున్నానో ఎవరూ అడగలేదు. ఇది ఆ సంగతి. ఇది చదివాక కూడా నా మీద జాలిపడేవాళ్ళు ఉంటే వాళ్ళకు బుద్ధి లేదనే అంటాను.

తొంభై రెండులో మొగిలి ఘాట్లో లారీ తిరగబడి చిన్నాయన పోయాడు. ఆయన భార్య ఆదెమ్మ, రెండేళ్ళ కూతురు చంద్రిక మా ఇంట్లో మిగిలారు. చిన్నమ్మది పెద్దపంజాణి దగ్గర ఒక మెట్ట పల్లె. బడి మొహం చూసిన మనిషి కాదు. అవ్వకు ఆమె అంటే మొదటినుంచీ గిట్టదు, కొడుకు పోయాక మరీ కంట్లో నలుసు అయిపోయింది. మనవరాలు కావాలి, కోడలు అక్కర్లేదు. ఈ మాట అవ్వ కడుపులో దాచుకోలేదు. నా కొడుకు నెత్తురు నాకాడ ఉంటాది, నువ్వు పుట్టింటికి పో అని చిన్నమ్మ మొహం మీదే అనేది.

ఏడాది తద్దినం పెట్టాక చిన్నమ్మ అన్న ఎల్లప్ప వచ్చాడు. నోరు లేని మనిషి. కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో ఒక ట్రస్టు వాళ్ళు బాలవాడీలు నడుపుతున్నారని, టీచర్లుగా భర్త పోయిన ఆడవాళ్ళను తీసుకుంటున్నారని విని వచ్చాడు. సర్టిఫికెట్లు అడగరట. చదవడం, రాయడం, పిల్లల హాజరూ తిండీ లెక్క కట్టడం వస్తే చాలట. ఉండటానికి ఒక గది కూడా ఇస్తారట. నాలుగు నెలల్లో మదనపల్లెలో పరీక్ష. చెల్లెలు ఆ పరీక్షలో నెగ్గితే బిడ్డను వెంట పంపమని మా నాయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నాయనకు న్యాయస్తుడు అనిపించుకోవడం ఇష్టం. పక్కింటి పెద్దవాళ్ళను ఇద్దరిని కూర్చోబెట్టుకుని తీర్పు చెప్పాడు.

"టీచరు పనొస్తే బిడ్డని తీసుకోని పోమ్మా, నేను అడ్డం రాను. రాకుంటే బిడ్డ ఈడ్నే ఉంటాది, నువ్వు మీ అన్న కాడికి పోవాల."

చిన్నమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తలూపింది. ఆమెకు అది వరంలా వినిపించింది. అవ్వ కూడా అడ్డు చెప్పలేదు. ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం, అక్షరం ముక్క రాదు గానీ టీచరంట అని నవ్వుకుంటూ లోపలికి వెళ్ళింది.

నేర్పే పని నా మీద పడింది. నాకప్పుడు పదకొండేళ్ళు, ఆరో తరగతి. ఇక్కడ ఒక మాట చెప్పాలి. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. చంద్రిక నా పక్కలో పడుకునేది, నా చేత్తో పెడితేనే తినేది, నేను బడినుంచి వచ్చేదాకా గడపలో కూర్చునేది. ఆ పిల్ల నాదే అనుకున్నాను. తల్లి ఎదురుగా తిరుగుతున్నా అలాగే అనుకున్నాను. అయినా మొదట్లో పాఠం సరిగ్గానే చెప్పాను. టీచరు ఆట ఆడటం ఏ పిల్లకు ఇష్టం ఉండదు? చిన్నమ్మకు రెండు నెలల్లో అక్షరాలు వచ్చేశాయి. నా పాత వాచకం కూడబలుక్కుంటూ చదివేది, ముత్యాల్లా రాసేది.

నోటి లెక్క ఆమెకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు. మేకలు, శనక్కాయ మూటలు, కూలీల తలలు లెక్కపెట్టి పెరిగిన మనిషి. రానిదల్లా పలక మీది అంకెలు. అందుకని ఆటలో కూర్చోబెట్టి, పక్కన పలక పెట్టి, పందెం పడినప్పుడల్లా అంకె రాసి చూపించాను. ఒక గవ్వ పైకి పడితే 1. రెండు పడితే 2. మూడుకు 3, చెమ్మకు 4. ఆ తర్వాత నాలుగూ బోర్లా పడ్డాయి. పైకి ఎన్ని ఉన్నాయి? ఒక్కటీ లేదు. 0 రాశాను. నోటితో మాత్రం అష్ట అన్నాను, ఎనిమిది గడులు జరిపాను. ఆమె కంటికి 0 కనబడింది, చెవికి ఎనిమిది వినబడింది. అప్పటికి ఇందులో నా తప్పు లేదు. గవ్వలతో తేలని అంకెలు, అయిదు నుంచి తొమ్మిది దాకా, తర్వాత గులకరాళ్ళు పేర్చి నేర్పాను. అందులో 8 వచ్చినప్పుడు, ఎనిమిదికి రెండు గుర్తులా పాపా అని అడిగి, తనే సర్దుకుంది. అది గవ్వల ఎనిమిది, ఇది రాళ్ళ ఎనిమిది. నేను చంద్రికకు జడ వేస్తూ వినీ వినకుండా ఊఁ అన్నాను.

ఆటలో మాత్రం నెల తిరిగేసరికి ఆమెను గెలిచేవాళ్ళు లేకపోయారు. గవ్వలు ఇంకా దొర్లుతుండగానే కాయ దిగే గడి చెప్పేది. ఒకరోజు ముందే చెప్పి మరీ అవ్వ కాయలు రెండు వరసగా చంపింది. అవ్వ గవ్వలు విసిరికొట్టి లేచిపోయింది, ఆ పూట చిన్నమ్మకు అన్నం ఆఖరున పడింది. లెక్క తప్పినందుకు కాదు, తప్పనందుకు. ఆ మనిషికి తెలివి లేదని ఎవరూ అనలేరు. కాబట్టి ఆ తర్వాత జరిగినదాన్ని ఆమె మీదికి తోయడానికి వీల్లేదు.

పరీక్షకు నెలన్నర ముందు, పలక మీద పెద్ద కూడికలు ఇవ్వడం మొదలుపెట్టాను. 20 కింద 13 రాసి, ఇరవైకి పదమూడు కలపమన్నాను. నలభై ఒకటి వేసింది. ఎట్లా వచ్చిందో పైకి చెప్పమంటే వేలుపెట్టి చూపించింది.

"గవ్వల ఎనిమిదీ మూడూ పదకొండు. ఒకటి కింద రాసి ఒకటి పైన పెట్టినా. రెండూ ఒకటీ ఒకటీ నాలుగు. సరిగ్గుండాదా పాపా?"

పది రూపాయల నోటు మీద 10 ఆమెకు తెలుసు, కానీ అది ఆమెకు నోటు మీది బొమ్మలాంటిది. పలక మీద 20ని ఇరవై అనే చదివేది, కూడేటప్పుడు మాత్రం అందులో సున్నా గవ్వల ఎనిమిదే. నాకు నవ్వు ఆగలేదు. వంటింట్లోకి పరిగెత్తి అవ్వకు చెప్పాను. అవ్వ కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత నవ్వు ఆపి నా గడ్డం పట్టుకుంది.

"సెప్పబాక. చంద్రిక నీ కాడుండాలనా, కుప్పం పోవాలనా?"

అంతే అంది. నేను నడవలోకి తిరిగొచ్చి, సరిగ్గా ఉంది చిన్నమ్మా అని పలక మీద పెద్ద రైటు కొట్టాను.

అవ్వ చెప్పించిందని తప్పించుకోవచ్చు. పదకొండేళ్ళ పిల్లని అని తప్పించుకోవచ్చు. కానీ మూడు రోజుల తర్వాత జరిగింది అవ్వ చెప్పింది కాదు. నేను బడినుంచి వచ్చేసరికి చిన్నమ్మ చింతగింజలు రెండు కుప్పలు పోసుకుని కూర్చుని ఉంది. ఒకదాంట్లో ఇరవై, ఒకదాంట్లో పదమూడు. రెండూ కలిపి నాలుగుసార్లు లెక్కపెట్టిందట.

"గింజలు లెక్కబెడితే ముప్పై మూడే వస్తాండాయి. నోటి లెక్కకీ ముప్పై మూడే. పలక మీదనేమో నలభై ఒకటి. యాల పాపా అట్ల?"

ఆ క్షణంలో చెప్పేయవచ్చు. ఒక్క మాట చాలు. ఆమె ఆ మాట దాకా తనంతట తనే నడిచి వచ్చింది, నేను తలుపు తీస్తే చాలు. వెనక చంద్రిక నా బడి సంచిలోనుంచి పుస్తకాలు లాగి బయట పడేస్తోంది. దాన్ని చూశాను. ఎవరూ నేర్పకుండానే నా నోటినుంచి ఈ మాట వచ్చింది.

"నోటి లెక్క కూలోళ్ళ లెక్క చిన్నమ్మా. పలక లెక్క సదువుకున్నోళ్ళది. పరీక్షలో నోటి లెక్క రాస్తే తప్పు కొడతారు."

ఆమె చాలాసేపు గింజల వంక చూసింది. అదీ నిజమే, ఆటలో ఒకటి కూడా లేకుంటేనే కదా ఎనిమిది, సదువులో కూడా అట్లాంటిదేదో ఉంటాది అంది. గింజలు చేటలోకి ఎత్తేసింది. తన వేళ్ళు చెప్పినదాన్ని కాదని నేను చెప్పినదాన్ని నమ్మింది.

అప్పటినుంచీ ఇంట్లో కొత్త ఆట మొదలైంది. అన్నాల దగ్గర అవ్వ అడిగేది, ఆదెమ్మా, పలక మీద పదికి పది కలిపితే ఎంతని. చిన్నమ్మ కళ్ళు మూసుకుని మనసులో అంకెలు రాసుకుని, ముప్పై ఆరు అత్తా అనేది. నాయనకు పొలమారేది. నాకు ముక్కులోకి మజ్జిగ పోయేది. చిన్నమ్మ కూడా మాతోపాటు నవ్వేది. మా అమ్మ ఒక్కతే నవ్వేది కాదు. అలాగని చెప్పేదీ కాదు, తలవంచుకుని వడ్డించేది. ఒకరోజు అంట్లు తోముతూ చిన్నమ్మ నాతో అంది, పెళ్ళయి వచ్చినప్పటినుంచీ అత్త నాతో ఇంత బాగా మాట్లాడింది లేదు పాపా, పోయే ముందు మంచైనారు అని. సంతోషంగా అంది. నేను గిన్నెలు కడిగి బోర్లించాను.

నవంబరులో పరీక్ష. పొద్దున్నే మొదటి బస్సుకు నాయన, చిన్నమ్మ, నేను మదనపల్లె వెళ్ళాం. చంద్రిక నా ఒళ్ళో కూర్చుంది. సెలవు రోజు గనక పరీక్ష ఒక బడి గదిలో పెట్టారు. ముప్పై మంది దాకా ఆడవాళ్ళు వచ్చారు. లోపలికి వెళ్ళే ముందు చిన్నమ్మ చంద్రిక బుగ్గలు పట్టుకుని, మనం కుప్పం పోతాం, ఆడ రైలు సూస్తామని చెప్పింది. అక్క కూడా వస్తాదా అని చంద్రిక అడిగింది. అక్క సెలవులకు వస్తాదని చిన్నమ్మ చెప్పింది. నన్ను అడగకుండానే నాకు కూడా తన గదిలో చోటు పెట్టేసింది ఆ మనిషి.

గంటన్నర తర్వాత అందరూ బయటికి వచ్చారు. ఇంకాసేపటికి ట్రస్టు మేడమ్ కమలాక్షి గారు చిన్నమ్మను పిలిచారు. వెనకే మేమూ వెళ్ళాం. ఆమె చేతిలో చిన్నమ్మ పేపరు ఉంది. ఆవిడ కోపంగా లేరు, అయోమయంగా ఉన్నారు. చదవడం, రాయడం అందరికంటే ఈమెదే బాగుందట. లెక్కలే అర్థం కాలేదట. పేపరు మా వైపు తిప్పారు. సున్నా ఉన్న ప్రతి లెక్కకూ ముందు సరైన జవాబు రాసి ఉంది. దాని మీద అడ్డంగా గీత. పక్కన ఇంకో జవాబు. పది లెక్కల్లో ఏడు అలాగే ఉన్నాయి.

"సరిగ్గా రాసి మళ్ళీ ఎందుకమ్మా కొట్టేసినావు?"

"అది నోటి లెక్క మేడం. అలవాటు కొద్దీ చెయ్యి ముందు అదే రాసేసింది. మళ్ళీ గ్యాపకం వచ్చి సదువుకున్నోళ్ళ లెక్క వేసినా."

కమలాక్షి గారు సున్నా మీద పెన్ను పెట్టి ఇదెంత అని అడిగారు. గవ్వల ఎనిమిది అంది చిన్నమ్మ. ఆవిడ పక్కనున్న కుర్చీ లాగి చిన్నమ్మను కూర్చోబెట్టి, సున్నా అంటే ఏమీ లేదని, ఇరవైలో రెండు పక్కన ఉన్నది ఆ చోట ఏమీ లేదని చెప్పడానికేనని విడమరిచి చెప్పారు. చిన్నమ్మ వినింది. ఒకే ఒక్కటి అడిగింది.

"అయితే నోటి లెక్కే సరైందా మేడం?"

"నోటి లెక్కే సరైందమ్మా."

చిన్నమ్మ చెయ్యి చాచి పేపరు అడిగింది. పది నిముషాలియ్యండి మేడం, అన్నీ దిద్దేస్తా, నాకు వచ్చు అంది. బయట ముప్పై మంది ఆడవాళ్ళు చూస్తున్నారు, అందరికీ ఒకటే గడువు. ఇవ్వడానికి వీల్లేదమ్మా, మళ్ళీ పెట్టినప్పుడు తప్పకుండా రా అన్నారావిడ. ఎప్పుడు పెడతారంటే రెండేళ్ళకో మూడేళ్ళకో అన్నారు. చిన్నమ్మ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. నాయన దండం పెట్టి బయటికి నడిచాడు.

తిరుగు బస్సులో చిన్నమ్మ నా పక్కన కూర్చుంది. నిద్రపోతున్న చంద్రికను నా ఒళ్ళోంచి తన ఒళ్ళోకి తీసుకుంది. నిందిస్తుందని చూశాను. తిడితే నేనూ తిట్టవచ్చు, ఏడిస్తే నేనూ ఏడ్వవచ్చు. ఆమె రెండూ చెయ్యలేదు.

"పాపా, సున్నా సంగతి నీక్కూడా తెలీదా?" అని అడిగింది.

"మాకింకా బళ్ళో సెప్పలేదు చిన్నమ్మా."

ఆమె ఊపిరి వదిలింది. అదే అనుకున్నా, నీకు తెలిసుంటే సెప్పవా, సిన్నపిల్లవి అని నా తల నిమిరింది. ముందు సీట్లోంచి నాయన వెనక్కి తిరిగి నన్ను ఒకసారి చూశాడు. పుంగనూరులో దిగాక నాకు జామకాయలు కొనిచ్చాడు. నేను తిన్నాను.

మూడో రోజు ఎల్లప్ప వచ్చాడు. తల్లి వెళ్ళడం బిడ్డ చూస్తే గోల పెడుతుందని అవ్వ నన్ను పిలిచి, పిల్లను బట్టీ వెనక్కి తీసుకుపోయి ఆడించమంది. నేనే తీసుకెళ్ళాను. వేడి బొరుగులు గుప్పెట్లో పోస్తే అది కేరింతలు కొడుతోంది. చిన్నమ్మ అక్కడిదాకా వచ్చి, గోడ పక్కన, పిల్లకు కనబడకుండా నిలబడి నన్ను సైగ చేసి పిలిచింది. దగ్గరికి వెళ్ళాను. బిడ్డకి లెక్కలు నేర్పేటప్పుడు సున్నా సంగతి మొదట్నే సెప్పు పాపా, నా మాదిరి కాకూడదు అంది. సరే చిన్నమ్మా అన్నాను. ఆమె గోడ చాటునుంచే కూతుర్ని కాసేపు చూసుకుని వెళ్ళిపోయింది.

రెండేళ్ళకు, టీచర్ల పరీక్ష మళ్ళీ పెట్టకపోయినా, ఆ కమలాక్షి గారే పిలిచి చిన్నమ్మకు కుప్పం బాలవాడీలో వంటపని ఇచ్చారు. గది కూడా ఇచ్చారు. బిడ్డ కోసం పరుగున వచ్చింది. మాట అనుకున్నది టీచరు పని గురించి, వంటపని గురించి కాదు కదమ్మా అన్నాడు నాయన, న్యాయం తప్పకుండా. అప్పటికి అయిదేళ్ళ చంద్రిక నా వెనక దాక్కుంది. ఆమె వెళ్ళాక, నీ కన్నతల్లి ఉద్యోగం కోసం నిన్నిక్కడ పెట్టి కుప్పం పోయిందని అవ్వ దానికి నూరిపోసింది, నేను కాదనలేదు. ఆ తర్వాత చిన్నమ్మ ఏడాదికొకసారి వచ్చేది. ఒక పూట ఉండి, కూతుర్ని దూరంనుంచే చూసి పోయేది. చంద్రిక ఆమెను కుప్పం అమ్మ అనేది, మిగతా చుట్టాలను పిలిచినట్టే.

లెక్కలు నేనే నేర్పాను. అదే బండ, అవే గవ్వలు. మొట్టికాయలు లేవు, అన్నం ఆఖరున పెట్టడం లేదు. మొట్టమొదట సున్నా నేర్పాను. జవాబు వచ్చాక ఇంకో దారిలో సరిచూసుకోకుండా నమ్మవద్దని నేర్పాను. నా జన్మలో నేను ఒకరికి సరిగ్గా చేసిన పని అదొక్కటే.

రెండువేల ఆరులో చంద్రికకు పదో తరగతి లెక్కల్లో నూటికి నూరు వచ్చాయి. అవ్వ అప్పటికి పోయింది. నేను వేసవి సెలవులకు పుంగనూరులోనే ఉన్నాను. కబురు తెలిసి చిన్నమ్మ మధ్యాహ్నానికి వచ్చింది. కూతురికి మిఠాయి, నాకు ఒక చీర. జుట్టు సగం నెరిసింది. మార్కుల లిస్టు చేతిలోకి తీసుకుని, లెక్కల ఎదురుగా ఉన్న అంకె మీద వేలుపెట్టి, నూరు అని చదివింది. రెండు సున్నాల మీదా వేలు ఆనించింది. చంద్రిక పక్కనే నిలబడి చూసి, లిస్టు తీసుకెళ్ళి లోపల తన పెట్టెలో పెట్టి వచ్చింది.

చిన్నమ్మ చీర నా చేతిలో పెట్టబోతూ నన్ను పొగిడింది. నీ అంత ఓపిగ్గా నేర్పేవాళ్ళు ఉండరు పాపా, నాకూ అట్లనే నేర్పినావు, ఆ సున్నా కాడ తప్పిపోయింది గానీ లేకుంటే ఆ పొద్దే టీచరునై బిడ్డని తీసుకోని పోయేదాన్ని అంది. చంద్రిక తలెత్తింది. ఈ కథ ఆ పిల్ల ఎన్నడూ వినలేదు. ఏం పరీక్ష, ఎవరు తీసుకుపోవడం అని అడిగింది. చిన్నమ్మ చెప్పింది. నాయన తీర్పు, గవ్వల ఎనిమిది, కొట్టేసిన జవాబులు అన్నీ నవ్వుతూ, ఎప్పటివో ముచ్చట్లలా చెప్పింది. నేను ఆపలేదు. ఎలా ఆపాలో తెలియలేదు.

"అక్క తప్పు ల్యా. సిన్నది. అప్పటికింకా బళ్ళో సున్నా సెప్పలేదంట," అంది చివరికి.

"అక్క అప్పుడు ఎన్నో తరగతి?" అని అడిగింది చంద్రిక.

"ఆరు."

చంద్రిక నా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. సున్నా ఒకటో తరగతిలోనే చెప్తారు కదక్కా అంది.

చిన్నమ్మ చెయ్యి చీరతో సహా ఆగిపోయింది. బాలవాడీ వంటిల్లు తప్ప ఆమెకు బడుల సంగతి తెలియదు, ఏ తరగతిలో ఏం చెబుతారో తెలియదు. పదమూడేళ్ళు ఆ తెలియనితనమే నన్ను కాపాడింది. నా మొహంలోకి చూసి, "అట్లనా పాపా?" అంది.

నేను టీచర్ని. ఆ రోజుల్లో సిలబస్ వేరు అని చెప్పవచ్చు. మాట నాలుక మీదికి వచ్చింది కూడా. ఆమె జవాబు కోసం ఆగింది, పలక నా ముందు పెట్టి రైటు కొడతానా తప్పు కొడతానా అని ఎదురుచూసినట్టే. ఎదురుగా చంద్రిక. నేను ఏమీ చెప్పలేదు.

"సరే పాపా," అంది చిన్నమ్మ. చీర బల్ల మీద పెట్టింది. వెనక్కి తీసుకోలేదు, తిట్టలేదు. నాలుగున్నరకు కుప్పం బస్సుందని సంచి కోసం వంగింది. వంగిన మనిషి వెంటనే లేవలేకపోయింది. చంద్రిక వెళ్ళి సంచి తను అందుకుని, బస్టాండు దాకా పోయొస్తానంది. లోపలి గదిలోకి వెళ్ళి నిముషంలో తిరిగొచ్చి, తల్లి రెక్క పట్టుకుని మెట్లు దిగింది. నా వైపు చూడలేదు.

ఆరింటికి నాయన అడిగాడు, చంద్రిక యాడని. బస్టాండుకు పోయిందని చెప్పాను. ఏడింటికి మళ్ళీ అడిగాడు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. పదమూడేళ్ళు పెంచినదాన్ని, జడలు వేసినదాన్ని, జ్వరమొస్తే పక్కన కూర్చున్నదాన్ని, నన్ను ఒక్క మాటైనా అడగకుండా పోతుందా అని ఒళ్ళు మండింది. ఆ కోపం చూసుకుని నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా కోపం పోలేదు, ఈరోజుకూ పూర్తిగా పోలేదు.

లోపలి గదిలోకి వెళ్ళి దాని పెట్టె తెరిచాను. బట్టలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మార్కుల లిస్టు మాత్రం లేదు.